అవ్వ నమిలిన తలుపు

డెబ్బై ఐదేళ్ల అవ్వ చేత దేవుడి గది తలుపు నమిలించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. అనంతపురం జిల్లా మొత్తానికి అలాంటి మనిషి ఒక్కతే ఉంది, ఆమే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది. నమిలింది తలుపు మొత్తం కాదండీ, ఒక మూల మాత్రమే. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మా గార్లదిన్నెలో ఎవరూ వినరు. "అవ్వకు తలుపు తినిపించింది ఈ పాపే" అని బస్టాపులో వేలు పెట్టి మరీ చూపిస్తారు.

మొదట్నుంచీ చెప్తాను. మా నాయన వడ్రంగి. ఊళ్లో అందరూ ఆచారి అంటారు. మా కొట్టం హైవే పక్కనే ఉంటుంది. ముందు రేకుల పందిరి, లోపల కట్టె, ఆ రెంటి మధ్య నాయన. ఆయన రోజుకు పది మాటలకంటే ఎక్కువ మాట్లాడడు. అందులో ఆరు కట్టెతోనే సరిపోతాయి. మిగిలిన నాలుగింటినీ మా అమ్మ, నేను, టీకొట్టు ఆయన పంచుకోవాలి. నేను దానికి పూర్తిగా ఎదురు. నాకు తెలియని సంగతంటూ భూమ్మీద ఉండేది కాదు. ఎవరు ఏం చెప్పబోయినా, వాళ్లు సగం చెప్పేలోపే "తెల్సు" అనేదాన్ని. పుట్టినప్పుడు కూడా నేను ఏడవలేదనీ, "తెల్సు" అన్నాననీ మా అమ్మ ఒట్టు పెట్టి చెబుతుంది.

అనంతపురంలో పాలిటెక్నిక్ చదివి ఇంటికొచ్చాక, నేనూ వడ్రంగమే చేస్తానని పట్టుబట్టాను. నాయన కాదనలేదు, ఔననలేదు. చెక్కను గీసి నునుపు చేసే చిత్రిక ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. ఆరు నెలలు పొద్దున లేచింది మొదలు చిత్రిక పట్టాను. ఆరు నెలలయ్యేసరికి భుజాలు గట్టిపడ్డాయి గానీ ఓపిక మాత్రం పొట్టులా రాలిపోయింది. అప్పుడు తెప్పించాను రౌటర్ మిషన్.

రౌటరంటే ఇంట్లో ఇంటర్నెట్ ఇచ్చే డబ్బా అనుకునేరు, అది వేరు. ఇది రెండు చేతులతో పట్టుకునే మోటారు. దాని కింద వేలెడంత ఉక్కు బిట్టు ఉంటుంది. స్విచ్ వేస్తే ఆ బిట్టు గిర్రున తిరుగుతుంది. చెక్క అంచు వెంట దాన్ని నడిపిస్తే, నాయన రెండు రోజులు ఉలి పట్టుకుని తీసే నగిషీ పది నిమిషాల్లో వచ్చేస్తుంది. అంటే, రావాలి. వీడియోల్లో వచ్చేది. నా చేతిలో నగిషీకంటే ముందు పెచ్చులు వచ్చేవి. అంచు పొడవునా నార లేచిపోయి, మూలలు ఊడిపోయి, ఎలుకలు కొరికిన జొన్నరొట్టెలా తయారయ్యేది. అయినా నేను తగ్గలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న పెద్దల దగ్గర కరెంటు మిషన్ లేదు కదా! మానై వంగనిది మిషన్‌కు వంగుతుందని నా సిద్ధాంతం.

నేను పాడుచేసిన తుక్కు చెక్కల్ని నాయన ఒక్కొక్కటే తీసి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ బుట్టలో వేసేవాడు.

"ఎట్లుండాది నాయనా?" అని అడిగేదాన్ని.

"సప్పుడు బాగుండాది," అనేవాడు.

అలా బుట్ట నిండింది. ఒకరోజు పొద్దున ఆ బుట్ట కదిలిస్తే అడుగున ఒక టేకు ముక్క దొరికింది. నాలుగంచులూ వెన్న కోసినట్టున్నాయి. ఒక్క పెచ్చు లేవలేదు, ఒక్క మూల చెదరలేదు. దాన్ని నేనెప్పుడు చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గెలిచిన మనిషి ఎప్పుడు గెలిచానని ఆరా తీస్తుందా? చేయి తిరిగిందిలే అని నన్ను నేనే మెచ్చుకుని, ఆ ముక్కకు నూనె రాసి, వచ్చిపోయేవాళ్లకు కనపడేలా కొట్టం ముందు గూట్లో పెట్టాను. ఈ ముక్కను కాస్త గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆ ముక్కను చూసే నాగరత్నమ్మవ్వ మాకు పని ఒప్పజెప్పింది. అనంతపురంలో వాళ్లది కిరాణా అంగడి. కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు, దేవుడి గదికి తలుపు కావాలి. అవ్వ కోడలు విజయక్క కారు మీద కట్టి తెచ్చిన రెండు పాత టేకు పలకల్ని పందిరి కింద దింపించింది. వెనకటి రోజుల్లో అంగళ్లకు షట్టర్లు లేవు కదా, పొడుగాటి పలకలు వరసగా నిలబెట్టి మూసేవాళ్లు. తారుమారు కాకుండా వాటి మీద నంబర్లు వేసేవాళ్లు. అవ్వ భర్త అంగడి పలకల్లో చెదలు తినగా మిగిలినవి ఒకటో నంబరు, రెండో నంబరు, అంతే.

అవ్వ ఒకటో పలక మీద చెయ్యి వేసింది. "ఆయప్ప పొద్దున్నే వచ్చి మొదట తీసేది దీన్నే. దీనికి కుంకం పెట్టి, దండం పెట్టుకోని, అప్పుడు దింపుతాండె. ఆయప్ప పోయి పన్నెండేండ్లాయ. ఆయప్ప చెయ్యి తగిలిన కట్టె నా ఇంట్లో ఇంక ఇదే. రెండు పలకలు, రెండు రెక్కలు. నా దేవునికి ఇవే తలుపులు కావల్ల. సెడగొడితే ఇంగోటి యాడ తెస్తావు పాపా?"

"తెల్సవ్వా," అన్నాను.

వాళ్ల కారు రోడ్డెక్కాక నాయన ఆ పలకల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇది నేను ఉలితో జేస్తా," అన్నాడు.

"లేదు నాయనా, మిషన్‌తో నేనే జేస్తా. ఆ యవ్వ నా ముక్క సూసే కదా ఒప్పుకునింది!"

నాయన గూట్లోని ముక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగి, తర్వాత ఆ రోజుకు మిగిలిన మాటలన్నీ ఒకేసారి ఖర్చు పెట్టేశాడు. "సరే. ఈ తలుపులు బాగా వస్తే మిషన్ ఉంటాది, దాని ముందర నువ్వుంటావు. సెడిపోతే మిషన్ అమ్మేస్తాం, నువ్వు మళ్లా చిత్రిక పట్టుకుంటావు."

మళ్లీ చిత్రిక అనగానే నా భుజాలు వాటంతటవే నొప్పెట్టాయి.

పలకలు శుభ్రం చేసి, కొలత ప్రకారం కోసి, రెక్కలుగా తయారుచేసే పని నాయనే చేశాడు. నాకు మిగిలింది అంచుల నగిషీ. ఆ రోజు పొద్దున్నే అవ్వ కోడల్ని వెంటబెట్టుకుని దిగింది. దేవుడి తలుపుకు నగిషీ పెట్టేటప్పుడు ఇంటి పెద్దది దగ్గరుండాలట. ఆషాఢం గాలి రేకుల్ని ఎగరేసుకుపోయేలా వీస్తోంది. పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అవ్వ ఒళ్లో వక్కాకు సంచి నోరు తెరుచుకుని ఉంది. విజయక్క దుమ్ము పడదని కారులో కూర్చుని ఫోను చూసుకుంటోంది.

టీ తాగి వస్తానని లేచిన నాయన, రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఆ పూట ఆయన నాతో ఏకంగా నెలరోజుల మాటలు మాట్లాడాడు.

"రేణూ, కొత్త బిట్టు ఏసినావా?"

"తెల్సు నాయనా."

"ఒకేసారి లోతుగా దించొద్దు. కొంచిం కొంచింగా మూడుసార్లు తియ్యల్ల."

"తెల్సు."

"మొదట పైనా కిందా ఉండే కురచ అంచులు చెయ్. నార అడ్డంగా తెగేది ఆడే. కత్తితో గీత పెట్టుకో. మూల దాటే తావుకు ఒక అడ్డచెక్క బిగించు, ల్యాకుంటే పెచ్చు లేస్తాది. నిలువు అంచులు తర్వాత."

"తెల్సు నాయనా, టీ సల్లారిపోతాది పో."

"ఇంగొకటి. మిషన్‌ను ఎటునించి ఎటుకు..."

"తెల్సూ!"

నాయన మిగిలిన మాటను మింగేసి, రోడ్డు దాటి టీకొట్టుకు వెళ్లిపోయాడు. ఆయన మింగిన ఆ సగం మాట గురించే ఈ కథంతా.

నేను ఒకటో నంబరు రెక్కను బల్ల మీద పరిచి బిగించాను. మిషన్ ఎత్తి పట్టుకున్నాను. అవ్వ కుర్చీలోంచి కాస్త ముందుకు వంగింది.

"పాపా, అది ఎటునించి ఎటు పోతాది?"

"ఈ అంచున ఎడమనించి కుడికి పోతాదవ్వా. మళ్లా అట్ల సుట్టుకోని, మళ్లా ఈడికే వస్తాది."

అవ్వ గాలిలో వేలు తిప్పి చూసుకుంది. చూసుకున్న వేలు అలాగే నిలబడిపోయింది. "ఆగాగు! ఇది ఎడమసుట్టు గదమ్మే! గుళ్లో నువ్వెట్ల తిరుగుతావు?"

"కుడిసుట్టు."

"మరి? దేవుని తలుపుకు ఎడమసుట్టు తిప్పుతావా? అది అప్రదక్షిణం. ఇంటికి మంచిది కాదు. కుడిసుట్టు తిప్పు."

ఇప్పుడు ఒక నిజం ఒప్పుకోవాలి. చెక్క బయటి అంచు చుట్టూ మిషన్‌ను ఎడమచుట్టే నడపాలని నేను చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. ఎందుకు నడపాలో కూడా చెప్పే ఉంటారు. ఆ ఎందుకు దగ్గరికి వచ్చేసరికి నేను "తెల్సు" అని వీడియోను ముందుకు జరిపేదాన్ని. అందుకే ఆ క్షణంలో, గుండె మీద చెయ్యి వేసుకుని, నా జీవితంలోకెల్లా గొప్ప మాట అన్నాను.

"మిషన్‌కు దిక్కులు యాడుంటాయవ్వా? కరెంటుకు కుడేంది, ఎడమేంది? ఎటు తిప్పినా ఒకటే!"

"మంచి పాప," అంది అవ్వ, వక్కాకు సంచిలో చెయ్యి పెట్టి.

ఆ మెచ్చుకోలు తలకెక్కింది. మూడుసార్లు తియ్యడం ఎందుకు, ఒకేసారి తీసేస్తే పోలేదా అనిపించింది. బిట్టును పూర్తి లోతుకు దించేశాను. అన్నప్రాసన నాడే ఆవకాయ అంటారే, నేను ఆవకాయ జాడీతో సహా పెట్టాను. కొత్త బిట్టు పెట్టెలోనే ఉంది. అడ్డచెక్క బిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాలు ఎవరి దగ్గరున్నాయి? నాయన టీ తాగి వచ్చేసరికి పని పూర్తి చేసి, చేతులు కట్టుకుని నిలబడాలని నా ఆశ.

ఆ మిషన్ సంగతి ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతున్నాను. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లులా కుడివైపుకు తిరుగుతుంది. దానికి ఎదురుగా నడిపిస్తే కట్టెను కొంచెం కొంచెం కొరుకుతూ, మన మాట వింటూ వస్తుంది. అది తిరిగే వైపే నడిపిస్తే అది బిట్టు కాదు, చక్రం. కట్టెను పట్టుకుని పరుగెడుతుంది. వెనక ఉన్నది ఆచారి కూతురా, పాలిటెక్నిక్ చదివిందా అని చూడదు.

స్విచ్ వేశాను. కుడిచుట్టు మొదలుపెట్టాను. మిషన్ ఒక్కసారి గట్టిగా అరిచి, పలుపు తెంపుకున్న కోడెలా ముందుకు దూకింది. దాని వెనక నేనూ దూకాను. నిలువు అంచు వెంట మూడు చోట్ల కొరికి, మూల దగ్గర ఎగిరి, "ఫట్" మని ఏదో విరిచి, బల్ల చివర నా పొట్టకు ఆనుకుని నిలబడింది. స్విచ్ ఎలా ఆపానో నాకు తెలియదు. మా కులదేవతే ఆపి ఉంటుంది.

రేకుల మీద గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు. మెల్లగా చూశాను. ఒకటో నంబరు పలక, అవ్వ భర్త ప్రతిరోజూ కుంకుమ పెట్టిన పలక, దాని మూలలో వక్కంత ముక్క లేదు.

"ఏమి సప్పుడమ్మే అది?" అంది అవ్వ.

నేను చున్నీ తీసి మూల మీద కప్పేశాను. "ఏం ల్యాదవ్వా. మిషన్ వేడెక్కింది. రోంతసేపు సల్లారల్ల."

"కుడిసుట్టు అయిపోయిందా?"

"సగమైందవ్వా."

మూల ఊడాక చున్నీ కప్పితే ఏం లాభం? అయినా నా బుర్ర అప్పటికే పరుగెత్తుతోంది. ఊడిన ముక్క దొరికితే జిగురు పెట్టి అతికించేయొచ్చు, నాయన వచ్చేలోపు. మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద పొట్టంతా చేత్తో జల్లెడ పట్టాను.

"ఏమి ఎతుకుతాండావు?"

"స్క్రూ ఒగటి పడిందవ్వా."

"నాకు కండ్లు సరిగ్గా కనపడవు గానీ, నువ్వు ఆ మూలన సూడు," అని అవ్వ సంచిలోంచి ఇంకో వక్క తీసి నోట్లో వేసుకుని, నములుతూ సలహా ఇచ్చింది. నేను ఆ మూలనా చూశాను, ఈ మూలనా చూశాను. రోడ్డు పక్క కంపచెట్ల దాకా పాక్కుంటూ పోయి వచ్చాను. ముక్క లేదు.

"ఏందో ఈ పొద్దు వక్క శానా గట్టిగుండాది," అంది అవ్వ తనలో తాను. "ఎంత నమిలినా నలగదే."

"కొత్త వక్కేమోలే అవ్వా," అన్నాను బల్ల కింద నుంచి.

"రుచి గూడా లేదు." అవ్వ దవడ ఒకసారి ఆగి, మళ్లీ కదిలింది. "అంగడి వాసన వస్తాంది."

నేను బల్ల కిందే ఆగిపోయాను. అక్కడి నుంచి అవ్వ ఒళ్లో నోరు తెరుచుకున్న వక్కాకు సంచి కనిపిస్తోంది. గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందో కూడా కనిపిస్తోంది. మోకాళ్ల మీదే కుర్చీ దాకా వెళ్లాను.

"అవ్వా, నోట్లోది ఒక్కసారి ఇట్ల చేతిలోకి తీస్తావా?"

"ఏంటికి?"

"నీకు దండం పెడతానవ్వా."

అవ్వ అరచేతిలోకి తీసింది. ఎర్రగా తడిసి, రెండు పంటిగాట్లు పడి, ఒక పక్క చక్కగా నగిషీ తిరిగి ఉంది. నా జీవితంలో నేను తీసిన మొదటి మంచి నగిషీ అదే. చున్నీ లాగి, ముక్క ఎక్కడిదో చూపించాను.

అవ్వ ముక్కను చూసింది, మూలను చూసింది, నన్ను చూసింది. "ఎటు తిప్పినా ఒకటే అంటివి గదమ్మే!"

మీకు నవ్వు వస్తోందని తెలుసు. నాకు ఆ పూట రాలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆవిడ దగ్గర భర్త చెయ్యి తగిలిన కట్టె ఇదొక్కటే ఉంది. నేను దాన్ని విరగ్గొట్టడమే కాక, ఆవిడ నోట్లోనే వేశాను. అవ్వ ముక్కను గుప్పిట్లో మూసుకుంది. "నలభై ఏండ్లు కాపురం జేసినా. నన్ను నమలకుండా ఒగ దినమన్నా ఇడ్సలేదు ఆయప్ప. ఈ పొద్దు ఆయప్ప తలుపును నేను నమిలితి." ఇది ఏడుపో నవ్వో ఆవిడకే తెలిసినట్టు లేదు.

"జిగురు పెట్టి అతికిస్తానవ్వా, అతుకు కూడా కనపడదు..."

అప్పుడే కారు దిగి వచ్చిన విజయక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అతికించేదేంది? అది ఎంగిలైపాయ గదత్తా! దేవుని తలుపుకు ఎంగిలి ముక్క ఎట్ల అతికిస్తారు?"

ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. సరిగ్గా అప్పుడు రోడ్డు దాటి వచ్చాడు నాయన, అవ్వ కోసం టీ గ్లాసు పట్టుకుని. అందరినీ ఒకసారి చూశాడు. గ్లాసు కింద పెట్టి, తలుపు మూల మీద బొటనవేలు రాశాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎటుసుట్టు తిప్పితివి?"

"కుడిసుట్టు. అవ్వే చెప్పింది..."

"ఎడమసుట్టు తిప్పల్ల. అదే చెప్పబోతి. తెల్సు అంటివి."

"నీకెట్ల తెల్సు నాయనా?" అన్నాను పౌరుషంగా. మునిగిపోయేవాళ్లకు కూడా పౌరుషం ఉంటుంది. "నువ్వు ఆ మిషన్ ముట్టనైనా ముట్టలేదు కదా!"

నాయన గూట్లోని టేకు ముక్కను చూపించాడు. "అది ఎవరు చేసినారనుకుంటివి?"

నేను ఆ ముక్కను చూశాను. నూనె రాసి, వారానికోసారి తుడిచి, వచ్చిన ప్రతివాళ్లకూ నా పనితనమని చూపించిన ముక్క అది.

"నువ్వు లేసేలోపల, పొద్దున్నే నేర్చుకుంటి," అన్నాడు నాయన. "నువ్వు ఒగ బుట్ట సెడగొడితివి. నేను రెండు బుట్టలు సెడగొడితి. నువ్వు సూడకుండా పొయ్యిలో ఏస్తి."

పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరైనా ఇంతకంటే మెత్తగా కొట్టి ఉంటే ఒట్టు. ఈయన నాకోసం నేర్చుకున్నాడు, నేర్చుకున్నది నాకు చెప్పబోయాడు, నేను టీ చల్లారిపోతుందని తరిమేశాను.

కానీ అవ్వకు ఈ బుట్టల లెక్క పట్టలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది. "అదంతా నాకు తెల్దు ఆచారీ. ఎడమసుట్టే తిప్పుతారంటే నా పలకలు నాకిచ్చేయండి. దేవునికి అప్రదక్షిణం జేసిన తలుపు నా ఇంట్లో వద్దు."

కుడిచుట్టు తిప్పితే తలుపు ఉండదు. ఎడమచుట్టు తిప్పితే అవ్వ ఉండదు. దేవుడు ఊరుకున్నా అవ్వ ఊరుకోదు. నా కళ్ల ముందు మిషన్ అట్టపెట్టెలోకి వెళ్లిపోతోంది, చిత్రిక నడుచుకుంటూ వస్తోంది.

నాయన బల్ల దగ్గరికి నడిచాడు. రెండో నంబరు రెక్కను ఎత్తి, బల్ల పక్కన నిలువుగా నిలబెట్టాడు. అది నా భుజమంత ఎత్తు.

"అమ్మా, నువ్వు దీని ఎనకాలకు వచ్చి నిలబడు."

"ఏంటికప్పా?"

"నువ్వు దేవుడనుకో."

"థూ! ఏమి మాటలప్పా అవి!" అంటూనే అవ్వ చెంగు సర్దుకుని, దేవుడిలా తలుపు వెనక నిలబడింది.

నాయన ఇటువైపు నుంచి చెయ్యి అంచు మీదుగా అటు పెట్టాడు. వేలికొనలు మాత్రం అవ్వకు కనపడతాయి. మిషన్ నడవాల్సినట్టే, మాకు ఎడమచుట్టుగా, అంచు వెంట మెల్లగా చెయ్యి జరుపుతూ పోయాడు.

"నా ఏళ్లు సూడమ్మా. ఎటు పోతాండాయి?"

"పైన... కుడిపక్కకు పోతాండాయి. ఇప్పుడు కిందికి దిగుతాండాయి..." తర్వాత అవ్వ తల మాత్రం పక్కనుంచి బయటికొచ్చింది. "యోవ్! ఇది కుడిసుట్టే గదా!"

"దేవుడు యాడుంటాడమ్మా?"

"లోపల."

"ఆయప్ప సూసేది?"

"లోపల్నించే గదా సూస్తాడు."

"మనకు ఎడమసుట్టు. ఆయప్పకు కుడిసుట్టు. ప్రదక్షిణం ఆయప్పకా, మనకా?"

అవ్వ తలుపు వెనక నుంచి పూర్తిగా బయటికి వచ్చింది. అప్పటిదాకా దేవుడిగా ఉన్న కళ తగ్గకుండానే ఆలోచించింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. ఆ తిరగడం నాకు నచ్చలేదు.

"అయితే ఆచారీ, ఇందాక ఈ పాప తిప్పింది?"

"మనకు కుడిసుట్టు. దేవునికి ఎడమసుట్టు."

"అట్ల జెప్పు!" అవ్వ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అప్రదక్షిణం తిప్పితే ఆయప్ప ఊరుకుంటాడా? మూల పీకేసినాడు! పీకి, నేను ఎదురుగానే ఉంటి కదా, నా నోట్లో పెట్టినాడు!" అని కోడలి వైపు తిరిగి గట్టిగా అంది. "ఇది ఎంగిలి కాదు విజయా. ప్రసాదం!"

ఇక్కడ ఆయప్ప అన్నది దేవుణ్ణో, కుంకుమ పెట్టిన భర్తనో నాకు ఈ రోజుకీ తెలియదు. అడగలేదు. కుడిచుట్టు తిప్పమన్నది అవ్వ, తిప్పింది మిషన్, చివరికి దేవుడికి అప్రదక్షిణం చేసిన పాపం మాత్రం నా నెత్తిన పడింది. అవ్వ ఆ ముక్కను తుడిచి, కళ్లకద్దుకుని, కొంగున ముడి వేసుకుంది. టీ అడిగి తాగింది.

ఆ మధ్యాహ్నం నాయన, పలకను కోసినప్పుడు మిగిలిన తుంట తెచ్చాడు. అందులోంచి నార అదే వైపు పోయే ముక్క ఒకటి కోసి, ఒకటో రెక్క మూలకు అతుకు వేశాడు. నిలువు అంచున పడిన గాట్లు పోయేలా చిత్రిక నేనే పట్టాను. నేను దాన్ని ఎంత ప్రేమగా పట్టానో ఆ చిత్రికకే తెలుసు. అంచు సన్నగా తగ్గింది. రెండో రెక్క కూడా జతగా ఉండాలని దాన్నీ అంతే తగ్గించాం.

తర్వాత మిషన్. కొత్త బిట్టు వేశాను. కత్తితో గీత పెట్టాను. మూలకు అడ్డచెక్క బిగించాను. కురచ అంచులు ముందు, నిలువు అంచులు తర్వాత, ఒక్కో అంచు మూడుసార్లు, కొంచెం కొంచెంగా, ఎడమచుట్టు. అవ్వ తన కుర్చీని బల్లకు అవతలి పక్కకు వేయించుకుంది. దేవుడు ఉండే వైపు అదేనట. వక్కాకు సంచి నోరు గట్టిగా బిగించి కట్టి, అక్కడి నుంచి "కుడిసుట్టే, కుడిసుట్టే, పోనీ పాపా!" అని నడిపించింది. పెచ్చు లేవలేదు. రెండు రెక్కల మీదా ఒక్క పెచ్చు లేవలేదు.

నాయన రెక్కను ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఎట్లుండాది నాయనా?" అని అడిగాను.

"ఈసారి సప్పుడు తగ్గింది," అన్నాడు. మిషన్ తీసుకెళ్లి, తన ఉలులు పెట్టుకునే అరలో పెట్టాడు. ఆ అరలో ఇంతకుముందు ఎవరి వస్తువూ పెట్టనివ్వలేదు ఆయన. నేను పొట్టు ఊడ్చే నెపంతో వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

గృహప్రవేశం రోజు అవ్వ వచ్చిన ప్రతి చుట్టాన్నీ దేవుడి గది ముందు నిలబెట్టి, మూల అతుకు చూపించి, ఆ తర్వాత నన్ను చూపించింది. "ఈ పాపే. దేవునికి ఎడమసుట్టు తిప్పింది. దేవుడు నాకు ప్రసాదం పెట్టినాడు." లోపల పసుపు, కుంకుమ పూసుకుని, రెండు పంటిగాట్లతో ఆ ముక్క దేవుడి పక్కనే కూర్చుని ఉంది. ఇప్పుడు మడకశిర నుంచి కూడా మనుషులు తలుపుల కోసం వెతుక్కుంటూ వస్తారు. వచ్చి మొదట అడిగేది కట్టె గురించి కాదు. "ఏమ్మా, మిషన్ ఎటుసుట్టు తిప్పుతావు?" అని అడుగుతారు. "దేవునికి కుడిసుట్టే తిప్పుతానన్నా," అంటాను. వాళ్లు దండం పెడతారు, నేను ఎడమచుట్టు తిప్పుతాను.

కాబట్టి ఉలి, సుత్తి, చిత్రిక సాక్షిగా, విరిగిన ఆ ఒకటో నంబరు మూల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో అడ్డచెక్క లేకుండా మూల దాటను. ఒకేసారి లోతుకు దించను. వక్కాకు సంచి నోరు తెరుచుకుని ఉన్న చోట స్విచ్ వేయను. ఎవరైనా ఏదైనా చెప్పబోతే, చివరి మాట దాకా వింటాను. ముఖ్యంగా ఆ పాడు మాటను మళ్లీ నోట రానివ్వను.

ఈ ప్రమాణం మా నాయన ముందే చేయాలని, చేతులు కడుక్కుని, ఆయన ఎదురుగా నిలబడి, "నాయనా, ఇంక నేను జన్మలో..." అని మొదలుపెట్టాను.

నాయన చెక్క మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. "తెల్సు."